పాత జిన్నింగ్ మిల్లు షెడ్డును కూల్చకుండా ఊరికి పనికొచ్చే జాగాగా చేయొచ్చా?

#1 జమ్మికుంట_శీను

మా దగ్గర బస్టాండుకు, రైల్వే స్టేషనుకు మధ్యలో ఒక పాత జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ తీసే మిల్లు) ఉంది. ఒకప్పుడు సహకార సంఘం నడిపింది. మూతపడి చాలా ఏళ్లయింది, జాగా ఇప్పుడు మున్సిపాలిటీ చేతిలో ఉంది. మొత్తం రెండున్నర ఎకరాలు. లోపల దాదాపు 40 మీటర్ల పొడుగు, 20 మీటర్ల వెడల్పు షెడ్డు, ఇటుక గోడలు, పైన కప్పును మోసే ఇనుప ట్రస్సులు. పక్కన ఇంజన్ గది, దానికి ఆనుకుని ఇటుక చిమ్నీ. మంటలు లేస్తే ఆర్పడానికి కట్టిన పెద్ద నీళ్ల హౌజు. ముందర పత్తి ఆరబోసే గచ్చు.

ఇప్పుడు దీన్నంతా కూల్చి షాపింగ్ కాంప్లెక్స్, పైన ఫంక్షన్ హాల్ కడదామని మాట నడుస్తోంది. మేం కొందరం వద్దంటున్నాం. షెడ్డు ఉంచి అందులో చదువుకునే గది, బయట నీడ, కూర్చునే జాగా చేయాలని మా కోరిక. "పాత రేకుల షెడ్డుకు ఇంత రంది ఎందుకు?" అని అడిగితే గట్టిగా జవాబు చెప్పలేకపోతున్నాం. ఎక్కడైనా ఇట్లాంటిది చేశారా? ఖర్చు, లీగల్, ఇంజినీరింగ్, తెలిసినవాళ్లు ఏదైనా చెప్పండి.

#2 ఎనుమాముల_అడ్తి

నా మాట చేదుగా ఉంటుంది, ఏమనుకోకు తమ్ముడూ. బస్టాండు పక్కన రెండున్నర ఎకరాలంటే మున్సిపాలిటీకి నెలనెలా కిరాయి తెచ్చే జాగా. ఆ డబ్బుతోనే మోరీలు తీయాలి, లైట్లు వేయాలి. పార్కు కడితే రెండేళ్లు బాగుంటుంది, మూడో ఏడు గేటుకు తాళం పడుతుంది. మన దగ్గర ఎన్ని పార్కులకు తాళాలున్నాయో చూడు.

#3 మిల్లు_మనుమరాలు

మా తాత ఆజంజాహి మిల్లులో నేత ఖాతాలో చేశాడు, అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోతున్నా. 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెట్టించిన మిల్లు అది. పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టాడు. వరంగల్ అంటే ఒకప్పుడు ఆ మిల్లే. తర్వాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి పోయింది, 2002లో మూతపడింది. ఆ తర్వాత జాగా ప్లాట్లయింది, ఇళ్లయింది, ఆఫీసులయింది. షెడ్లు ఒక్కొక్కటే పోయాయి.

ఇప్పుడు మా పిల్లలకు "ఇక్కడ మీ ముత్తాత పని చేశాడు" అని చూపించడానికి నాకు ఒక గోడ కూడా లేదు. మిల్లు పోయినాక వరంగల్ నేతన్నలు సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు పోయారు. వాళ్లను వెనక్కి తెస్తామంటూ 2017లో గీసుకొండ, సంగెం దిక్కు మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. మంచిదే. కానీ ఊరి నడుమ ఉన్న ఒక్క షెడ్డైనా మిగిల్చుకుని ఉంటే ఎంత బాగుండేది! శీను తమ్ముడూ, మీ దగ్గర ఇంకా నిలబడి ఉంది. వదలకండి.

#4 కాజీపేట_బాబాయ్

మిల్లే కాదమ్మా, సెంట్రల్ జైలు కూడా పోయింది కదా. నిజాం కాలపు జైలు, 2021లో కూల్చారు. అక్కడ పెద్దాసుపత్రి కడుతున్నారు. ఆసుపత్రి కావాలి, కాదనను. కానీ పాతదంటే కూల్చాల్సిందే అన్న ఆలోచన మనకు అలవాటైపోయింది.

#5 కట్టడం_కవిత

నేను ఆర్కిటెక్టును, హన్మకొండలో ఉంటాను. శీనూ, డిజైన్ గురించి మాట్లాడే ముందు ఒక సంగతి చెప్పు. ఆ జాగాను ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు? పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, వానాకాలం, ఎండాకాలం. ఎవరూ లేని పాడు జాగా అని అనుకుంటాం కానీ అట్లా ఉండదు.

ఎందుకు అడుగుతున్నానంటే, బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒక పాత డ్రమ్ముల ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని మార్చే పని లీనా బో బార్డి అనే ఆర్కిటెక్టుకు అప్పజెప్పారు. ఆమె వెళ్లి చూస్తే పిల్లలు ఆ షెడ్లలో బంతాట ఆడుతున్నారు, కుటుంబాలు వచ్చి కూర్చుంటున్నాయి. జనం ముందే ఈ జాగాను తమది చేసుకున్నారు, దాన్నే కాపాడాలి అని ఆమె అనుకుంది. షెడ్లు ఉంచి లోపల లైబ్రరీ, వర్క్‌షాపులు, నాటకాల హాలు పెట్టింది. 1982లో తెరిచారు, ఇప్పటికీ జనంతో నిండి ఉంటుంది. దాని పేరు సెస్క్ పొంపేయా. అంత డబ్బు మనకు లేదు, కానీ ఆమె మొదలుపెట్టిన తీరు మనకు అందనిది కాదు.

ఇంకోటి, గోడలకు వాడింది సున్నమా సిమెంటా చూడండి. గోరుతోనో తాళంచెవితోనో గీకితే తెల్లగా పొడి రాలితే సున్నం అయ్యే అవకాశం ఎక్కువ. గానుగలో నూరిన డంగు సున్నం అయితే మాత్రం దాని మీద సిమెంటు ప్లాస్టర్ వేయనీయకండి. ఇటుక గోడ నేలలోంచి తేమ తాగుతుంది, సున్నం ఆ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. తేమ లోపలే నిలిచి, ఉప్పు పేలి, ఇటుక పొడి అవుతుంది. రిపేరు పేరుతో పాత గోడలను చంపేది ఎక్కువగా ఇట్లనే.

#6 పరకాల_పోరగాడు

ఇప్పుడు అక్కడ ఎవరుంటున్నారో నేను చెప్తా అక్కా. కోతులు. మా దిక్కు ఏ పాత మిల్లైనా వాటిదే. ప్రారంభోత్సవానికి రిబ్బన్ కూడా అవే కత్తిరిస్తాయి 😀

#7 సైటు_మల్లన్న

నవ్వు పక్కన పెడితే రెండు ప్రమాదాలు ముందే చూసుకోవాలి.

ఒకటి పైకప్పు. పాత మిల్లులకు ఎక్కువగా సిమెంటు రేకులు ఉంటాయి. అవి ఆస్‌బెస్టాస్. కదిలించకుండా ఉన్నంతసేపు అంత భయం లేదు. పగలగొడితే, కోస్తే, డ్రిల్లు వేస్తే సన్నని దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో గనులు ఆపేశారు కానీ రేకులు మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు. కూలీలు వాటిని పైనుంచి కింద పడేస్తుంటారు, అది అసలు చేయొద్దు. నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా ఒక్కొక్కటి దించాలి. మాస్కు అంటే గుడ్డ మాస్కు కాదు, సన్నని దుమ్మును ఆపే రెస్పిరేటర్.

రెండోది చిమ్నీ. దూరం నుంచి నిలువుగానే కనిపిస్తుంది. కానీ ఒక్క పక్కకు వంగిందా, పైభాగంలో జాయింట్ల నుంచి సున్నం పోయిందా, చుట్టూ వేసిన ఇనుప పట్టీలు తుప్పు పట్టాయా అన్నది కొలిచి చూడాలి. పిడుగు కడ్డీ ఉందా? భూమిలోకి పోయే తీగ ఉందా? రాగి తీగ అయితే ఈపాటికి ఎవరో అమ్ముకుని ఉంటారు. తేలేదాకా దాని చుట్టూ, ఎత్తుకు తగినంత దూరం తడక కట్టండి.

ట్రస్సుల్లో పైన కనిపించే తుప్పు కన్నా గోడ మీద ఆనే చోట తుప్పు ముఖ్యం. వాన కారి నీళ్లు నిలిచేది అక్కడే.

#8 జమ్మికుంట_శీను

మల్లన్నా, సిమెంటు రేకులే. కొన్ని పగిలి కింద పడి ఉన్నాయి, పిల్లలు వాటి మీదే తిరుగుతున్నారు. ఈ సంగతి తెలియనే తెలియదు. ఇవాళే చెప్తా.

కవితక్కా, మీరు అడిగినది చూశాక ఆలోచిస్తే చాలా మందే ఉన్నారు. సీజన్‌లో రైతులు ఆ గచ్చు మీద మక్కలు, వడ్లు ఎండబోసుకుంటారు. పొద్దున వాకింగ్, సాయంత్రం క్రికెట్. మార్కెట్‌కు వచ్చిన ట్రాలీలు ఆపుకుంటారు. బతుకమ్మ కూడా అక్కడే ఆడతారు.

#9 బోధన్_చెరకుతోట

మీరంతా లైబ్రరీ, పార్కు అంటున్నారు. నాకు కోపం వస్తోంది, దాచుకోను. మా నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దది అని చెప్పుకునేవాళ్లం. శక్కర్‌నగర్ అనే ఊరే దాని చుట్టూ పెరిగింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి, మూడు ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. మాకు చెరకు ఆడే ఫ్యాక్టరీ కావాలి, అందులో ఫోటోలు దిగే జాగా వద్దు. ఫ్యాక్టరీని అందంగా మార్చడం అంటే ఇక అది నడవదు అని ఒప్పుకున్నట్టే కదా?

#10 మిల్లు_మనుమరాలు

బోధన్ అన్నా, మీ కోపం నాకు అర్థమవుతుంది. నడిపించే అవకాశం ఉన్నదాన్ని నడిపించాల్సిందే. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018లో మళ్లీ మొదలైంది, రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ కూడా 1999లో మూతపడి కొత్తగా లేచింది. ఆశ ఉన్నచోట పార్కు మాట ఎత్తొద్దు. కానీ శీను చెప్పేది యంత్రాలన్నీ పోయిన చిన్న జిన్నింగ్ షెడ్డు. చుట్టూ కొత్త మిల్లులు ఎన్నో వచ్చాయి. అక్కడ ఎదురున్నది కాంప్లెక్సు, ఫ్యాక్టరీ కాదు.

#11 బోధన్_చెరకుతోట

ఆ తేడా ఒప్పుకుంటా. కానీ పనిచేసినవాళ్ల మాట లేకుండా ఏదీ చేయకండి.

#12 రూర్_తెలుగోడు

మాది హన్మకొండ, ఇప్పుడు జర్మనీలో డ్యూస్‌బర్గ్ దగ్గర ఉంటున్నా. ఇక్కడ ఒక ఇనుము ఫ్యాక్టరీ 1985లో మూతపడింది. కూల్చాలా వద్దా అని పెద్ద గొడవే నడిచింది. చివరికి పీటర్ లాట్జ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు చేతిలో పెట్టి, 1994లో పార్కుగా తెరిచారు. ఫర్నేసులు అట్లనే నిలబడి ఉన్నాయి, మెట్లెక్కి పైకి పోవచ్చు. ఖనిజం పోసే గోడలకు కొండలెక్కే క్లబ్బువాళ్లు వేలాడుతుంటారు. గ్యాస్ నిల్వ చేసిన గుండ్రటి ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతారు. ఎప్పుడైనా పోవచ్చు, టికెట్ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది నీళ్ల పని. మధ్యలోంచి పోయే మురికి కాలువను కింద పైపులో వేసి, పైన ఉన్న కాలువలో కప్పుల మీద పడ్డ వాన నీటిని నింపారు. పట్టాల మధ్య మొలిచిన పిచ్చి మొక్కలను కూడా పీకేయలేదు, ఆ నేల తట్టుకుని బతికేవి అవే అని వదిలేశారు. అన్నీ కడిగి, రంగులేసి మెరిపించలేదు.

#13 ఎనుమాముల_అడ్తి

జర్మనీ ముచ్చట వినడానికి బాగుంది తమ్ముడూ. వాళ్ల బడ్జెట్ ఎక్కడ, మన మున్సిపాలిటీ ఎక్కడ? వచ్చే నెల కరెంటు బిల్లు ఎవరు కడతారు అని నేను అడుగుతున్నా. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

#14 వాణి_పరకాల

కరెంటు బిల్లు కన్నా ముందు బాత్రూం గురించి అడుగుతా. మార్కెట్ రోజు ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు బస్టాండు దగ్గర పోవడానికి జాగా ఉందా? మీరు ఎంత మంచి పార్కు కట్టినా టాయిలెట్, నీళ్లు, వెలుతురు లేకపోతే అది మగవాళ్ల పార్కే. మూడు వైపులా దారి తెరిచి ఉండాలి. ఒకటే గేటు, చుట్టూ ఎత్తు గోడ ఉన్న జాగాలోకి సాయంత్రం ఆరు దాటాక మేం అడుగు పెట్టం.

గచ్చు తవ్వి లాన్ వేస్తామంటే ఒప్పుకోకండి. మక్కలు ఎక్కడ పోస్తారు? రోడ్డు మీద పోస్తే బండ్లు జారి పడుతున్నాయి, చూస్తూనే ఉన్నాం. గచ్చు గచ్చుగానే ఉండాలి. పంట రోజుల్లో రైతులది, బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడబిడ్డలది, మిగతా రోజులు పిల్లలది. చెట్లు చుట్టూ పెట్టండి, వేప, కానుగ, రావి. నీళ్లు ఎక్కువ తాగే అలంకారపు మొక్కలు ఎందుకు?

#15 కట్టడం_కవిత

వాణక్క చెప్పింది అక్షరాలా రాసుకో శీనూ, ఇదే నీ డిజైన్.

#16 గోదావరిఖని_కరెంటు

మా దగ్గర బీ థర్మల్ అనే కరెంటు ప్లాంటు ఉంది. 62.5 మెగావాట్లది, 1971 నుంచి నడిచింది, 2024లో ఆపేశారు. ఆ చిమ్నీ కనిపిస్తే ఇల్లు దగ్గరకొచ్చినట్టు మాకు. చిన్నదైనా ఒక కంట్రోల్ రూం, ఒక టర్బైన్ ఉంచి పిల్లలకు కరెంటు ఎట్లా పుడుతుందో చూపించాలని నా కోరిక. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో కట్టిన థర్మల్ స్టేషన్ ఉండేది, దాన్ని 1995లో పడగొట్టారు. ఇప్పుడు అక్కడ ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమ్యాక్స్. ఒకప్పుడు అక్కడ బొగ్గు కాల్చి ఊరికి వెలుగిచ్చారని పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

#17 కాజీపేట_బాబాయ్

అదే హైదరాబాదులో సైఫాబాద్ టంకశాలను మాత్రం ఉంచారు. 1903 నాటిది. 2022లో మ్యూజియంగా తెరిచారు, నాణేలు ముద్రించిన పాత యంత్రాలు చూడొచ్చు. ఇష్టముంటే మన దగ్గర కూడా అవుతుంది.

#18 భివండి_మగ్గం

మాది వరంగల్ కొత్తవాడ, బతుకుతెరువుకు ఈ దిక్కు వచ్చినం. ముంబై మిల్లుల సంగతి చెప్తా. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1991లో ఒక రూల్ తెచ్చారు. మిల్లు జాగాలో మూడో వంతు ప్రజల ఖాళీ జాగాకు, మూడో వంతు ఇళ్లకు, మిగతాది యజమానికి. 2001లో ఆ రూల్ మార్చి, మొదటి రెండు వాటాలు కట్టడాలు లేని ఖాళీ జాగాకే వర్తిస్తాయన్నారు. దాంతో జనానికి వచ్చేది చాలా తగ్గిపోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 2006లో కోర్టు ఆ మార్పునే నిలబెట్టింది. ఇప్పుడు చాలాచోట్ల మాల్స్, టవర్లు, నడుమ ఒక చిమ్నీ బొమ్మలాగా.

కాబట్టి శీనన్నా, తీర్మానంలో "కొంత భాగం ప్రజా అవసరాలకు" అని రాయనీయకండి. ఎన్ని గజాలు, ఏ పక్క, ఏ కట్టడం ఉంచాలి అన్నది కొలతలతో రాయించండి. మాటలో సందు ఉంటే అందులోంచే జాగా జారిపోతుంది.

#19 హమాలీ_కొడుకు

ఇన్ని పోస్టుల్లో బోధన్ అన్న ఒక్కడే పనిచేసినవాళ్ల పేరెత్తాడు. మా నాయిన జిన్నింగ్‌లో బస్తాలు మోశాడు, మా అమ్మ పత్తి ఏరింది. వేరే ఊళ్లో, వేరే మిల్లులో. సీజన్ అంతా పత్తి దుమ్ములోనే. మా అమ్మకు ఆయాసం ఇప్పటికీ తగ్గలేదు. మిల్లు మూసిన రోజు రావాల్సిన పీఎఫ్ కోసం ఏళ్ల తరబడి తిరిగారు.

షెడ్డు ఉంచండి, మంచిదే. కానీ గోడ మీద యజమానులు కోటు వేసుకున్న ఫోటోలు, కింద "పత్తి వైభవం" అని రాస్తే నేను ఆ గడప తొక్కను. ఏ ఖాతాలో ఎవరు పనిచేశారు, కూలి ఎంత, ఎంతమందికి చేతివేళ్లు పోయాయి, అది ఉండాలి. ముసలివాళ్లు బతికుండగానే వాళ్ల మాట రికార్డు చేయాలి. వంద కిలోల పత్తి జిన్ను పడితే 33–35 కిలోల దూది, మిగతా చాలావరకు గింజ, ఆ దూదిని 170 కిలోల బేలుగా కొడతారు, ఆ బేలును ఎట్లా దొర్లిస్తారు, ఇవన్నీ వాళ్ల చేతుల్లో ఉన్న చదువు.

ఇంకో మాట. పాత రోలర్ జిన్నుల్లో తోలు రోలర్లు ఉంటాయి. ఆ తోలుకు క్రోమియం పట్టించి ఉంటుంది. ఏవైనా మిగిలి ఉంటే కాల్చడం, రుద్దడం చేయకండి, మూసిన అద్దాల పెట్టెలో పెట్టండి.

#20 జమ్మికుంట_శీను

అన్నా, రెండు జిన్నులు ఇంజన్ గదిలో పడి ఉన్నాయి, తోలు రోలర్లతో సహా. ముట్టనీయం. మా ఊళ్లో అక్కడ పనిచేసిన పెద్దమనుషులు కొందరు ఉన్నారు. మీరు ఒప్పుకుంటే వాళ్లతో మాట్లాడించే పనికి మీరే రండి. ఏం అడగాలో మాకన్నా మీకే తెలుసు.

#21 హమాలీ_కొడుకు

వస్తా. మా అమ్మను కూడా తీసుకొస్తా.

#22 గ్రూప్స్_ప్రిపరేషన్

మాలాంటోళ్ల బాధ కూడా వినండి. ఇంట్లో ఒకటే గది, చదవడానికి జాగా లేక ప్రైవేటు రీడింగ్ రూంకు నెలకు డబ్బు కడుతున్నాం. ఎండాకాలం ఇంట్లో కూర్చోలేం. ఆ షెడ్డులో టేబుళ్లు, ఫ్యాన్లు, వైఫై, మంచినీళ్లు పెడితే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మేం అక్కడే ఉంటాం. అడ్తి అన్న గేటుకు తాళం పడుతుందన్నాడు కదా. రోజూ జనం వచ్చే జాగాకు తాళం వేయడం అంత తేలిక కాదు.

#23 పరకాల_పోరగాడు

మే నెలలో రేకుల కింద చదివితే గ్రూప్స్ కాదు, ఆమ్లెట్ అవుతారు.

#24 కట్టడం_కవిత

ఆ వేడికి మందు ఉంది. సిమెంటు రేకులు ఎలాగూ దించాలి. వాటి స్థానంలో కింద ఇన్సులేషన్ ఉన్న ఇనుప షీట్లు, పైన వేడిని తిప్పికొట్టే తెల్ల పూత. రాష్ట్ర ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ప్రభుత్వ కట్టడాలకు అది వర్తిస్తుంది, కాబట్టి అడగడానికి ఆధారం ఉంది. ఎత్తు షెడ్డు కావడం మనకు లాభం. వేడి గాలి పైకి పోతుంది, కొప్పు దగ్గర దారి ఇస్తే బయటికి వెళ్లిపోతుంది. పాత బట్టల మిల్లులకు రంపం పళ్లలాంటి కప్పులు చూసి ఉంటారు. వాటి అద్దాలు ఉత్తరం వైపు ఉంటాయి. నేరుగా ఎండ పడకుండా రోజంతా సమానంగా వెలుతురు రావడానికి అట్లా కట్టారు. మీ షెడ్డుకు అది లేకపోయినా, కొత్త కప్పు వేసేటప్పుడు ఉత్తరం వైపు వాలులో కొంత వెలుతురు పట్టీ ఇవ్వొచ్చు. పగలు లైటు బిల్లు తగ్గుతుంది. దక్షిణం వాలు మీద సోలార్ ప్యానెళ్లు. అయితే ట్రస్సు ఆ బరువు మోస్తుందని మల్లన్న చెప్పిన తర్వాతే.

నీళ్ల లెక్క కూడా చెప్తా. 40 ఇంటు 20 అంటే 800 చదరపు మీటర్ల కప్పు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 900 మిల్లీమీటర్లు అనుకున్నా, అయిదో వంతు వృథా పోయినా, 5 లక్షల 70 వేల లీటర్లకు పైనే వస్తాయి. హౌజు రిపేరు చేసి నింపుకుంటే చెట్లకు, టాయిలెట్లకు వాడొచ్చు. మిగిలింది ఇంకుడు గుంతలోకి. హౌజు చుట్టూ మాత్రం కటకటాలు తప్పనిసరి, పిల్లలు తిరిగే జాగా.

ఉన్నదాన్ని వాడుకోవడం గురించి ఒక మాట. ప్రపంచంలో బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం సిమెంటు తయారీదే. ఆ గోడలకు, ఆ ట్రస్సులకు కావాల్సిన మంట, శ్రమ ఎప్పుడో ఖర్చయిపోయాయి. కూలిస్తే అదంతా చెత్త కింద పోయి, మళ్లీ కొత్తగా కాల్చాలి. నలుగురు మొక్కలు నాటి పర్యావరణం అంటారు కానీ, నిలబడ్డ కట్టడాన్ని నిలబెట్టడం అంతకన్నా తక్కువ పనేం కాదు.

#25 సైటు_మల్లన్న

ఇంజన్ గది నేల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏళ్ల తరబడి డీజిలు, నూనె కారి ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని నూనె పరీక్ష చేయించాలి. అమెరికాలో సియాటిల్‌లో పాత గ్యాస్ ప్లాంటును 1975లో పార్కు చేశారు. విషం ఉన్న మట్టిలో మురుగు బురద, రంపపు పొట్టు కలిపి, సూక్ష్మజీవులతో శుభ్రం చేయించారు. అయినా తర్వాత కూడా శుభ్రం చేసే పని మిగిలింది. మనది అంత పెద్ద కాలుష్యం కాదు. ఆ గది చుట్టూ మట్టి నమూనా తీసి పరీక్షకు పంపండి, ఫలితం వచ్చేదాకా అక్కడ పిల్లల ఆటస్థలం పెట్టకండి.

#26 రిటైర్డ్_మున్సిపల్

అడ్తి గారి ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఉద్యోగమంతా అక్కడే గడిచింది కాబట్టి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్ కింద పెట్టాలి. చెట్లు, వాటి సంరక్షణ అందులోంచి అడగొచ్చు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చదువుకునే గదిని గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పేలా మాట్లాడితే పుస్తకాలు, సిబ్బంది వైపు నుంచి భారం తగ్గుతుంది.

కిరాయి ఆదాయం వద్దని ఎందుకంటారు? రోడ్డు ముఖంలో వరుసగా చిన్న మడిగెలు (దుకాణాలు) కట్టుకోనివ్వండి. ఆ కిరాయి ఈ జాగా నిర్వహణకే పోవాలని తీర్మానంలో రాయించండి. వెనక షెడ్డు, గచ్చు, హౌజు ముట్టొద్దు. కౌన్సిల్‌లో ఇద్దరు ముగ్గురిని ఒప్పించడానికి ఇది పనికొస్తుంది.

రాష్ట్రంలో 2017 వారసత్వ చట్టం ఉంది, కానీ జాబితాలోకి ఎక్కించడం నెమ్మదిగా నడిచే పని. దాని మీదే ఆధారపడకండి. ముందు సమాచార హక్కు కింద ఆ జాగా రికార్డులు, కాంప్లెక్స్ ప్రతిపాదన కాపీ అడగండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు తప్పక తీసుకోండి. పాత కట్టడాలను కాపాడే పని చేసే ఇన్‌టాక్ సంస్థకు వరంగల్‌లో విభాగం ఉంది, వాళ్లకు ఒక ఉత్తరం రాయండి.

#27 ఎనుమాముల_అడ్తి

ముందర మడిగెలు, వెనక షెడ్డు అంటే నాకు అభ్యంతరం లేదు. రైతులు మక్కలు పోసుకునే గచ్చు పోతుందని నాకు ముందు తోచలేదు, అది మా వ్యాపారానికీ అవసరమే. మార్కెట్ రోజు ట్రాలీలకు జాగా కూడా గీసి పెట్టండి. అట్లయితే మా సంఘంలో నేను మాట్లాడతా.

#28 వాణి_పరకాల

మడిగెల్లో రెండు మహిళా సంఘాలకు ఇవ్వాలి. ఒకటి కొత్తవాడ జంపఖానాలకు ఇస్తే బాగుంటుంది, వాటికి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకు అన్న గుర్తింపు, కూడా వచ్చింది. పత్తి షెడ్డు ముందు పత్తి నేత ఉండటం సబబే కదా.

#29 పరకాల_పోరగాడు

ముందర "ఐ లవ్ జమ్మికుంట" అని పెద్ద లైటు అక్షరాలు పెడతారా? అన్ని ఊళ్లలో పెడుతున్నారు కదా.

#30 మిల్లు_మనుమరాలు

వద్దు తమ్ముడూ. ఆ డబ్బుతో టాయిలెట్‌కు నీళ్ల ట్యాంకు వస్తుంది. మిల్లు పాత బోర్డు దొరికితే దాన్నే దులిపి పెట్టండి, చాలు.

#31 రూర్_తెలుగోడు

ఒక సలహా. మొత్తం డబ్బు వచ్చేదాకా ఆగకండి. పగిలిన రేకులు సురక్షితంగా తీయించాక గచ్చు మీద వారానికి ఒక సాయంత్రం ఏదో ఒకటి పెట్టండి, పుస్తకాలు, ఒగ్గు కథ, పిల్లల ఆటలు. జనం రావడం మొదలైతే కూల్చడం కష్టమవుతుంది. షెడ్డు లోపలికి మాత్రం మల్లన్న చూసేదాకా ఎవరినీ పంపకండి.

#32 సైటు_మల్లన్న

ఆదివారం పొద్దున నేను వస్తా శీనూ. పొడుగు టేపు, లంబం గుండు, నిచ్చెన సిద్ధంగా పెట్టు. చిమ్నీ వంపు, ట్రస్సు కాళ్లు, గోడ పగుళ్లు కొలిచి రాసిస్తా. సంతకంతో ఇస్తా, అర్జీకి జతచేయొచ్చు.

#33 కట్టడం_కవిత

నేనూ వస్తా. షెడ్డు ప్లాన్ గీసి, వాణి చెప్పినట్టు ఏ కాలంలో ఎవరు ఎక్కడ వాడుతున్నారో అదే కాగితం మీద రంగుల్లో చూపిద్దాం. కౌన్సిల్‌వాళ్లకు అది తొందరగా అర్థమవుతుంది.

#34 జమ్మికుంట_శీను

అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పటికి అర్జీలో రాస్తున్నవి ఇవి. పగిలిన రేకులు వెంటనే తీయించాలి, చిమ్నీ చుట్టూ తడక, షెడ్డు, గచ్చు, హౌజు గజాల లెక్కతో సహా ఉంచాలి, రోడ్డు ముఖంలో మడిగెలు, వాటి కిరాయి ఇక్కడికే. టాయిలెట్లు మొదటి విడతలోనే. సమాచార హక్కు దరఖాస్తు రేపు పోస్టు చేస్తున్నా.

రిటైర్డ్ సార్, ప్రతిపాదన కాపీ అడిగేటప్పుడు ఫైలు నంబరు తెలియకపోతే ఎట్లా రాయాలి?

#35 రిటైర్డ్_మున్సిపల్

నంబరు అవసరం లేదు. జాగా సర్వే నంబరు, వార్డు రాసి, "ఈ స్థలానికి సంబంధించి ఎజెండాలో పెట్టిన అన్ని ప్రతిపాదనలు, నోట్ ఫైళ్లతో సహా" అని అడుగు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి, దాని నమూనా నేను పంపిస్తా.

#36 హమాలీ_కొడుకు

ఆదివారం తొమ్మిదికల్లా బస్టాండు దగ్గర ఉంటాం. పత్తి ఏరిన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను కూడా పిలువు శీను, మగవాళ్లనే కూర్చోబెట్టకు.